నేను ఊ కొట్టిన వాక్యం

పోయిన వారం ఒక ఖాళీ కుర్చీ దగ్గర ఆగాం. మా ప్రెస్సులో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్న అక్కయ్య తన భూతద్దాన్ని రుమాలుతో తుడిచి, బల్ల మీద బోర్లా పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఆవిణ్ణి ఎవరూ పొమ్మనలేదు. కొన్నాళ్ళు కళ్ళకి విశ్రాంతి ఇవ్వండి అన్నారు ఓనరుగారు, అంతే. దానికంటే పొమ్మనడమే నయం.

గొడవంతా వాచీల మేస్త్రి జ్ఞాపకంగా వేసిన చిన్న పుస్తకం గురించి. ఆయన పోయిన నెలకి భార్య వేయించింది, మూడు వందల కాపీలు. సంస్మరణ సభలో ఆవిడే లేచి నిలబడి తను రాసిన పేజీ చదివింది. "నలభై రెండేళ్ళు ఒకే బల్లకి అటొకరం ఇటొకరం కూర్చున్నాం. ఇప్పుడు ఎదురుగా ఉన్న ఆ కుర్చీని చూడలేను, తీసెయ్యనూ లేను." అక్కడిదాకా చదివి, అదే గొంతుతో కింద ఉన్న వాక్యం కూడా చదివేసింది. "ఇంతకంటే మెత్తటి కుర్చీలు సగం ధరకే, ఇప్పుడే చూడండి." వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ పుస్తకం మూసి కూర్చుంది. ఆ తర్వాత మాట్లాడాల్సిన నలుగురూ మాట్లాడకుండానే ఇళ్ళకి వెళ్ళారు.

ఇన్ని వారాలుగా మా ప్రెస్సులో అందరి సంగతులూ హుషారుగా చెప్పుకొచ్చాను. ఈ వారం నా సంగతి చెప్పాలి. అందుకని కొంచెం మెల్లగా చెబుతాను, తొందరపెట్టకండి.

నేను ప్రెస్సులో కాగితాలు కోసే మిషను మీద ఉంటాను. అందరూ కోతల బాబాయి అంటారు. మిషను వల్ల ఆ పేరు వచ్చిందని నేనంటాను. నా కబుర్లు విన్నవాళ్ళు ఇంకో కారణం చెబుతారు. బడికి నేను వెళ్ళింది తక్కువ. కానీ అక్షరాలు చూసి గుర్తుపట్టగలను కాబట్టి, కోతపని లేనప్పుడు అక్కయ్య పక్కన కూర్చుని ఊ కొట్టడం నా డ్యూటీ.

ఊ కొట్టడమంటే ఇదీ. అచ్చుకిచ్చిన పార్టీ పంపిన మెయిలు కంప్యూటరులో తెరిచి ఉంటుంది. ఓనరుగారి కోడలు దాన్ని కాపీ చేసి పేజీలు కట్టి ప్రూఫు తీస్తుంది. అక్కయ్య ఆ ప్రూఫు కాగితం పట్టుకుని గట్టిగా చదువుతుంది. నేను మెయిలు చూస్తూ, ఆవిడ చదివింది అందులో ఉంటే ఊ అంటాను. లేకపోతే ఆగమంటాను. ఇద్దరి మధ్యా ఈగ కూడా దూరదు. ఇంకో సంగతి, మా గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, 'వచ్చింది వచ్చినట్టే' అని. పార్టీ రాసిందాన్ని మా ప్రెస్సులో ఎవరూ మార్చరు. కామా కూడా కదపరు. ఓనరుగారి నాన్నగారు పెట్టిన రూలు అది.

ఇక భూతద్దం. అక్కయ్య చేతిలోది కాదు, కంప్యూటరులోది. ఈ మధ్య ఆవిడ మెయిలు చూడాల్సివస్తే ముక్కు తెరకి తగిలేంత దగ్గరగా వంగుతోంది. నాకు బాధనిపించింది. వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. ఎక్స్‌టెన్షన్ అంటారట, ఇంటికి వసారా దించినట్టు బ్రౌజరుకి తగిలించుకునే చిన్న పనిముట్టు. బాణం గుర్తు ఏ అక్షరం మీద పెడితే ఆ అక్షరం గుమ్మడికాయంత అవుతుంది. ఊరికే ఇస్తున్నారు. తగిలించే ముందు అది ఒక ప్రశ్న అడిగింది, మీరు తెరిచే పేజీలన్నిటినీ చదవడానికీ మార్చడానికీ అనుమతిస్తారా అని. చదవకుండా పెద్దవి ఎలా చేస్తుంది పాపం అనుకుని సరే నొక్కాను. రెండో మాట కంటికి కనపడింది, బుర్రకి ఎక్కలేదు.

అక్కయ్య ఎంత మురిసిపోయిందో. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలులో నా నోరు ఊరుకోలేదు. దీన్ని నేనే తయారు చేశానన్నాను. పద్నాలుగు వేల లైన్లు రాయాల్సి వచ్చిందనీ, అందులో మూడు లైన్లు నిద్రలో రాశాననీ, పొద్దున్నే లేచి చూస్తే ఆ మూడే బాగా వచ్చాయనీ చెప్పాను. కోడలు నవ్వింది. ఓనరుగారు భుజం తట్టారు. నవ్వినవాళ్ళు నమ్మారో లేదో నేను చూసుకోలేదు.

మేస్త్రి పుస్తకం ప్రూఫు చదివిన రోజు ఆ కుర్చీల వాక్యం దగ్గర అక్కయ్య ఆగింది. ఇదేమిటి, ఇది మెయిలులో ఉందా అని అడిగింది. చూశాను. ఉంది. పైగా ఆకుపచ్చ రంగులో, కింద గీతతో ఉంది. మేస్త్రిగారి భార్యకి బాగా ఇష్టమైన వాక్యం కాబోలు అనుకున్నాను. ఆవిడకి ఫోను చేసి అడుగుదామంది అక్కయ్య. అప్పుడు నేను చేసిన పని ఓనరుగారికి తెలియదు, కోడలికి తెలియదు, పోయిన వారం మీకూ చెప్పలేదు. చేశాక చెప్పడం కష్టం, అందుకని కింద చెబుతాను.

సోమవారం పదకొండు గంటలకి మేస్త్రిగారి భార్య ప్రెస్సుకి వచ్చింది. ఓనరుగారే పిలిపించారు. ఆయన లెక్క సులువైనది. వాక్యం మెయిలులో ఉంది, మెయిలు ఆవిడ పంపింది, మా రూలు గోడ మీద ఉంది. మర్యాదగా చూపించి పంపేస్తే ప్రెస్సు పరువు నిలబడుతుంది. ఆవిడ కోసం లోపలి గదిలోంచి మంచి కుర్చీ తెప్పించి వేశారు. ఆవిడ ఆ కుర్చీని చూసింది. మా అందరి మొహాలూ చూసింది. నిలబడే మాట్లాడతానంది.

కోడలు మెయిలు తెరిచి తెర ఆవిడ వైపు తిప్పింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదువుకుంది. ఆకుపచ్చ గీత దగ్గర చాలాసేపు ఆగిపోయింది. నేను మిషను దగ్గర నిలబడి, కొయ్యాల్సిన కట్టని సర్దిందే సర్దుతున్నాను.

"నేను రాయలేదండి" అంది ముందు. కాసేపటికి గొంతు తగ్గిపోయింది. "రాశానేమో కూడా. ఈ నెలలో రెండుసార్లు స్టవ్వు వెలిగించి గిన్నె పెట్టడం మర్చిపోయాను. ఆ సభ అయిన దగ్గర్నుంచి అదే ఆలోచన. నాకు మతి పోతోందేమో, ఇదీ నేనే రాసి మర్చిపోయానేమో అని."

ఓనరుగారు ఏదో ఓదార్పుగా అనబోయారు. ఆ ఓదార్పులో గండం గడిచిందన్న ఊపిరి కూడా ఉంది, నాకు వినిపించింది. కానీ కోడలు ఊరుకోలేదు. అమ్మగారూ, మీ ఫోను ఒకసారి చూపిస్తారా అని అడిగి, అందులో పంపినవాటి జాబితా తెరిచింది. అదే మెయిలు, అదే రోజు, ఆవిడ రాసిన ఆఖరి వాక్యం దాకా. చూడలేను, తీసెయ్యనూ లేను. అక్కడితో సరి. కింద ఆవిడ పేరు, తేదీ. కుర్చీలూ లేవు, సగం ధరా లేదు.

ఫోనునీ తెరనీ పక్కపక్కన పెట్టి ముగ్గురూ మార్చిమార్చి చూశారు. మొరాయించిందేమో అని కోడలు పేజీని మళ్ళీ తెరిచింది. ఈసారి అదే చోట ఇంకో వాక్యం వచ్చి కూర్చుంది. 'మీ నడుము నొప్పికి మీ కుర్చీయే కారణం కావచ్చు, తెలుసుకోండి.' ఆకుపచ్చ రంగు, కింద గీత. మూడోసారి తెరిస్తే మడతకుర్చీలు.

మేస్త్రిగారి భార్య బల్ల అంచు పట్టుకుంది. "నా ఉత్తరంలోకి ఎవరు వస్తున్నారమ్మా?" అంది కోడలితో.

కోడలికి ఓపిక ఎక్కువ. ఒక్కొక్కటీ తీసి చూసుకుంటూ వెళ్ళి, బ్రౌజరుకి తగిలించి ఉన్నది ఒకే ఒక్కటి అని తేల్చింది. దాన్ని ఆపేసి మళ్ళీ తెరిచింది. వాక్యం లేదు. ఆవిడ రాసింది ఆవిడ రాసినట్టే ఉంది, ఆ వాక్యం ఉన్న చోట ఖాళీ తెల్ల జాగా.

"బాబాయిగారూ, ఇది మీరు చేసిన భూతద్దమే కదా" అంది కోడలు.

ఓనరుగారు నా వైపు తిరిగారు. ఆయన మొహంలో కోపం కన్నా ముందు అనుమానం వచ్చింది. కుర్చీలవాళ్ళు నీకేమిచ్చారు అని అడిగారు. నేనే తయారు చేశానన్నాను కదా, అందులో కుర్చీల ప్రకటనలు పెట్టింది కూడా నేనే అవ్వాలి కదా. న్యాయమైన ప్రశ్న. నా ముందు రెండు దారులు మిగిలాయి, దొంగనని ఒప్పుకోవడం, అబద్ధాలకోరునని ఒప్పుకోవడం. జీవితంలో మొదటిసారి నా గురించి ఉన్నదున్నట్టు చెప్పాను. దాన్ని నేను తయారు చెయ్యలేదు, ఊరికే ఇస్తున్నారంటే తగిలించాను, నాకు పాస్‌వర్డు మార్చుకోవడం కూడా రాదు, చదవడానికీ మార్చడానికీ అని అడిగితే సరే నొక్కాను అన్నాను.

"ఇదీ కోతేనా?" అన్నారు ఓనరుగారు.

ఇన్నేళ్ళూ ఆకాశానికి నిచ్చెన వేశానంటే కూడా నవ్వుతూ విన్న మనిషి, నాకేమీ రాదంటే నమ్మలేదు. సిగ్గు మెడ దగ్గర మొదలై చెవుల దాకా పాకింది. ఆ వేడికి నా చేతిలోని కాగితం కట్ట అంచులు ముడుచుకున్నాయంటే మీరు నమ్మరు. నమ్మకండి కూడా. ఇకమీదట నేను చెప్పేవాటిలో సగమే నమ్మండి.

కోడలే నన్ను గట్టెక్కించింది. ఆ పనిముట్టు పేరుతో వెతికి, వందలమంది పెట్టిన ఫిర్యాదులు మామగారికి చూపించింది. లోకం మొత్తం మీద ఉన్నవాళ్ళ పేజీల్లో ఇలాగే వాక్యాలు దూర్చుతోందట. భూతద్దం ముసుగు, ప్రకటనలు అసలు పని. చూసేవన్నీ రాసుకుంటుంది కూడానట. ఓనరుగారు గోడ మీద తండ్రి రాయించిన అక్షరాల వైపు చూశారు. కామా కూడా కదపని ప్రెస్సులో, ఏం కావాలంటే అది మార్చుకోమని మొహం తెలియనివాడికి తాళాలిచ్చింది నేను.

మేస్త్రిగారి భార్య కేకలేస్తుందనుకున్నాను. ఆవిడ నన్ను ఒక్క మాట అడిగింది, మీరు మా ఆయన్ని ఎరుగుదురా అని. రెండుసార్లు చూశానన్నాను. ఆవిడ తలూపింది.

"ఎరిగినవాళ్ళు ఎవరైనా చదివుంటే ఆగేవాళ్ళు. మెత్తటి కుర్చీ ఆయనకి పడదు. గట్టి చెక్క మీద కూర్చుంటేనే చెయ్యి వణకదు, వాచీలో పళ్ళచక్రం కుదురుగా కూర్చుంటుంది అనేవారు."

ఆ మాట విన్నాక నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. ఎందుకో ఓనరుగారికి తెలియదు. అక్కయ్య బల్ల మీద బోర్లా ఉన్న భూతద్దాన్ని జేబులో వేసుకుని అక్కయ్య ఇంటికి బయల్దేరాను.

అక్కయ్యది మూడో అంతస్తు. తలుపు తెరిచే ఉంది. కిటికీ దగ్గర బల్ల మీద ఉప్పు పాకెట్టు, సబ్బు పెట్టె, దగ్గు మందు సీసా, బల్బు అట్టపెట్టె వరసగా పెట్టుకుని కూర్చుంది. సంతకి వెళ్ళినట్టుంది ఏమిటక్కయ్యా అన్నాను, అలవాటు చొప్పున. ఒక్కొక్కదాని మీదా చిన్న అక్షరాలు చదివి చూసుకుంటున్నానంది. అన్నీ చదవగలుగుతున్నాను, అయినా ఓనరుగారు నా కళ్ళనే అనుమానించారు కదా, ఎందుకైనా మంచిదని గురువారం కంటి ఆపరేషనుకి పేరు రాయించానంది.

ఉన్నదంతా చెప్పాను. కుర్చీలు, నడుము నొప్పి, మడతకుర్చీలు, తెల్ల జాగా. ఆవిడ వింటూ సబ్బు పెట్టె తిప్పుతూనే ఉంది. అంతా అయ్యాక భూతద్దం చేతిలో పెట్టాను.

"అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట" అంది.

నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టి ఉంటే మిగతాది కడుపులోనే దాచుకుని మెట్లు దిగిపోయేవాణ్ణేమో. తిట్టలేదు కాబట్టి దిగలేకపోయాను.

అక్కయ్యా, ఇంకోటుంది అన్నాను. మీకు కింద చెబుతానన్నది ఇదే. ఆ రోజు ఆవిడ ఫోను చేద్దామంటే, వద్దని నేనే ఆపాను. ఊరికే ఆపలేదు, కథ చెప్పి ఆపాను. మేస్త్రి మహా సరదా మనిషి అన్నాను. రోజూ భోజనాల దగ్గర కూర్చోగానే, ఇంతకంటే మెత్తటి కుర్చీ సగం ధరకే తెస్తానే అని భార్యని ఆటపట్టించేవాడట, ఆవిడ గరిటె చూపించేదట, నేను కళ్ళారా చూశాను, ఆ జ్ఞాపకం కోసమే పాపం ఆకుపచ్చ గీత గీసింది, పోయినాయన మాట గురించి ఇప్పుడు ఫోను చేసి ఏడిపిస్తావా అన్నాను. అక్కయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాగితం మీద టిక్కు పెట్టింది. ఆ కథ అల్లడానికి నాకు పట్టింది ఒక గుక్క టీ తాగేంత సేపు. మేస్త్రి ఇంట్లో నేను అడుగు కూడా పెట్టలేదు.

"అదంతా నేను అక్కడికక్కడ అల్లిందక్కయ్యా."

అక్కయ్య సబ్బు పెట్టె కింద పెట్టింది. అప్పుడు అడిగాను, నేను చెప్పిన కథ వల్లే వదిలేశానని ఓనరుగారితో ఒక్క ముక్క చెబితే సరిపోయేది కదా, ఎందుకు చెప్పలేదు అని.

"టిక్కు నాది. కథ నమ్మిందీ నేనే. నీ పేరెందుకు చెప్పాలి?" అంది. తర్వాత నా వైపు చూడకుండా, "నీ కోతలు నాకు తెలియనివి కాదురా. ఎన్ని విన్నాను, ఎన్ని నవ్వాను. పని బల్ల దగ్గర మాత్రం కొయ్యవనుకున్నాను" అంది.

దీనికి నేనేం చెప్పినా అది కథలాగే ఉంటుంది.

ఆవిడ లేచి లోపలి నుంచి తన చిన్న నోటుపుస్తకం తెచ్చింది. చదివిన ప్రతి ప్రూఫూ ఏ రోజు చదివిందో, ఎవరు ఊ కొట్టారో అందులో రాసుకుంటుంది, మొదటి రోజు నుంచీ అలవాటు. ఆ పనిముట్టు ఎప్పుడు తగిలించావంది. మూడు వారాలైందన్నాను. భూతద్దం తీసి ఆ తేదీ దగ్గర పెట్టి కిందికి జరుపుకుంటూ వచ్చింది. పాటల పోటీ కరపత్రం. మూతల కంపెనీ జాబితా. మేస్త్రి పుస్తకం. అద్దం ఇంకో రెండు లైన్లు దిగి ఆగిపోయింది.

"పిల్లల ఆసుపత్రి గోడ పట్టిక" అని చదివింది. "ఏ బరువు పిల్లకి ఏ మందు ఎన్ని చుక్కలో. మెయిలులో వచ్చింది. ఊ కొట్టింది నువ్వు."

ఆ పట్టికని అంచులు కోసింది కూడా నేనే. శుక్రవారం ఆసుపత్రివాళ్ళు వచ్చి పట్టుకెళ్ళారు, అన్ని వార్డుల్లోనూ అంటించాలని. నాకు ఆ రోజు తెర గుర్తొచ్చింది. మందుల పేర్ల కింద, అక్కడక్కడ అంకెల కింద, ఆకుపచ్చ గీతలు. ఆసుపత్రివాళ్ళు ఎంత శ్రద్ధగా గీతలు గీసి పంపారో అని మెచ్చుకున్నాను కూడా. ఆ అంకెలు వాళ్ళు రాసినవో, దూరినవో నాకు తెలియదు. అక్కయ్య చదివింది. నేను ఊ అన్నాను.

అక్కయ్య అప్పటికే చెప్పులేసుకుంటోంది. తన ఫోనులో ఆసుపత్రి నంబరు నొక్కి నా చేతిలో పెట్టింది.

"పట్టికలన్నీ గోడల మీంచి తీసెయ్యమని చెప్పు. కథ చెప్పకు" అంది.

అవతల రెండుసార్లు మోగింది. ఎవరో ఎత్తారు. వెనకాల పసిపిల్ల ఏడుపు వినిపిస్తోంది. "చెప్పండి" అంది నర్సమ్మ. "త్వరగా చెప్పండి, మందు వేసే టైము."